థైరాయిడ్ పరీక్షకు వచ్చేటప్పుడు చిన్న నోట్‌బుక్ తెచ్చుకోండి

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రెండేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి, "అమ్మీ, గుండె దడదడలాడిపోతంది, నిద్దర పట్టట్లేదు, సేతులు వణుకుతన్నాయి" అంది. మర్నాడు మొదటి బస్సుకి తీసుకొచ్చి, నేను పనిచేసే ల్యాబ్‌లోనే రక్తం తీశాను. టీఎస్‌హెచ్ 0.08 వచ్చింది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను. ఒంట్లో థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ఆరు నెలల ముందు ఇదే మనిషికి 14 ఉంది. థైరాయిడ్ తక్కువని మందు వాడుతున్న మనిషి, ఆరు నెలల్లో థైరాయిడ్ ఎక్కువైన మనిషిలా ఎలా అయిపోయింది?

జవాబు అమ్మ స్టీలు డబ్బాలో దొరికింది. మోకాళ్ల నొప్పులకు వేరే డాక్టరు గారు కాల్షియం మాత్రలు రాశారు. అమ్మ థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ కలిపి పొద్దున టీతో వేసుకునేది. "అన్నీ ఒకేపాలి యేసేసుకుంటే మర్సిపోనే" అంది. కాల్షియం కడుపులో థైరాయిడ్ మాత్రను పట్టేసుకుంటుంది, అది ఒంటికి సరిగ్గా ఎక్కదు. అందుకే టీఎస్‌హెచ్ 14 ఉండిపోయింది. అది చూసి మాత్ర 75 మైక్రోగ్రాముల నుంచి 100కి, తర్వాత 125కి పెంచారు. ఈలోగా కాల్షియం మాత్రల కోర్సు అయిపోయింది. అమ్మ మళ్లీ కొనుక్కోలేదు. ఇప్పుడు 125 మొత్తం ఒంటికి పట్టడం మొదలైంది, గుండె దడ వచ్చింది.

మోకాళ్ల డాక్టరు గారికి థైరాయిడ్ సంగతి తెలీదు, థైరాయిడ్ చూసినాయనకు కాల్షియం సంగతి తెలీదు. రోజూ పాతిక, ముప్పై మందికి రక్తం తీసే నేను కూడా, మాత్ర ఎలా వేసుకుంటున్నావే అమ్మా అని ఒక్కసారి అడగలేదు. ఆ తర్వాత నుంచి థైరాయిడ్ పరీక్షకు వచ్చిన ప్రతి మనిషినీ అడుగుతున్నాను. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. డోసు మార్చే పని డాక్టరుది, దాని జోలికి నేను వెళ్లను. కానీ రిపోర్టులో నంబరు తప్పుదారి పట్టించడానికి కారణం చాలాసార్లు రక్తం తియ్యడానికి ముందు రోజుల్లోనే ఉంటుందని నాకు బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎప్పుడు రావాలి

మాత్ర కొత్తగా మొదలుపెట్టినా, డోసు మార్చినా, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి. మాత్రలో ఉండే థైరాక్సిన్ హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త డోసుకి రక్తంలో మట్టం కుదురుకోవాలి, దాన్ని మెదడు కింద ఉన్న పిట్యుటరీ గ్రంథి గమనించి టీఎస్‌హెచ్‌ను తగ్గించాలి. ఇదంతా నెమ్మదిగా జరిగే పని. పదిహేను రోజులకే వచ్చేవాళ్లుంటారు. టీఎస్‌హెచ్ ఇంకా ఎక్కువే ఉందని టెన్షన్ పడి, మళ్లీ డోసు పెంచమని డాక్టరు మీద పడతారు. ఆ తొందరలో డోసు పెరిగితే రెండు నెలల తర్వాత మా అమ్మలా రాత్రిళ్లు గుండె పట్టుకుని కూర్చోవాలి.

పరగడుపునే రావాలా అని అందరూ అడుగుతారు. థైరాయిడ్ ఒక్కదానికైతే తప్పనిసరి కాదు. కానీ టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పోయినసారి పొద్దున ఏడింటికి ఇచ్చి, ఈసారి సాయంత్రం నాలుగింటికి ఇచ్చి, రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది? ప్రతిసారీ పొద్దునే రండి, వీలైతే ఒకే ల్యాబ్‌కి రండి. మిషన్ మారితే కూడా నంబరు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోండి. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల వరకు ఫ్రీ టీ-ఫోర్, అంటే రక్తంలో తిరిగే థైరాక్సిన్, పైకి లేచి కనిపిస్తుంది. మాత్ర సీసా సంచిలో పెట్టుకు వస్తే, మా దగ్గరే నీళ్లు తాగి వేసుకోవచ్చు.

జ్వరంతో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, డెంగీ, న్యుమోనియా లాంటివి వచ్చి తగ్గుతున్నప్పుడు, అవసరం లేకుండా థైరాయిడ్ చేయించకండి. పెద్ద జబ్బులో ఉన్న ఒంట్లో ఈ నంబర్లు వాటంతటవే చెదిరిపోతాయి, కోలుకున్నాక వాటంతటవే సర్దుకుంటాయి. స్టెరాయిడ్ మందులు కూడా టీఎస్‌హెచ్‌ను కిందికి లాగుతాయి. వాడుతుంటే చెప్పండి.

మాత్ర వేసుకునే పద్ధతి

లేవగానే పరగడుపున, మంచినీళ్లతో. అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, టిఫిన్ ఏమీ వద్దు. మన వైపు చాలామంది పొద్దునే చోడి (రాగి) అంబలి తాగి పొలానికి వెళ్తారు. అంబలి మంచిదే, చోళ్లలో కాల్షియం బాగా ఉంటుంది. సరిగ్గా అందుకే మాత్ర వేసుకున్న వెంటనే దాన్ని తాగకూడదు, గంట ఆగాలి. కాల్షియం మాత్రలకు, ఐరన్ మాత్రలకు, గ్యాస్‌కి తాగే తెల్లటి మందుకు మాత్రం నాలుగు గంటల తేడా ఉండాలి. మా అమ్మకు కాల్షియం ఇప్పుడు రాత్రి భోజనం తర్వాతే.

పలాస జీడిపప్పు బట్టీల్లో పనికెళ్లే అక్క ఒకావిడ ఉంది. "తెల్లారగట్ట లేసి టీ తాగి పోవాలి, గంటసేపు ఎక్కడాగుతానమ్మా" అని అడిగింది. అలాంటివాళ్లకు ఇంకో దారి ఉంది. నెదర్లాండ్స్‌లో 2010లో ఒక పరిశోధన అచ్చైంది. అందులో తొంభై మందికి మూడేసి నెలల చొప్పున, పొద్దున వేసుకునే మాత్రనూ రాత్రి పడుకునే ముందు వేసుకునే మాత్రనూ పోల్చి చూశారు. రాత్రి వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ ఇంకా బాగా తగ్గింది. అయితే మనుషుల ఓపికలో, జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి రాత్రి వేసుకుంటే గొప్ప అని కాదు. రాత్రి భోజనం చేసి మూడు గంటలు దాటాక పడుకునే అలవాటుంటే అది కూడా పనికొచ్చే పద్ధతే. డాక్టరుకి చెప్పి మార్చుకోండి, మార్చాక ఆరు వారాలకు పరీక్ష చేయించుకోండి. ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి మాత్రం వద్దు.

సీసా విషయం కూడా చెప్పాలి. థైరోనార్మ్ అయినా, ఎల్ట్రాక్సిన్ అయినా వచ్చిన సీసాలోనే, మూత గట్టిగా బిగించి ఉంచండి. వేడి, వెలుతురు, చెమ్మ తగిలితే మందు బలం తగ్గిపోతుంది. మా అమ్మ అన్ని మందులూ ఆ స్టీలు డబ్బాలో పోసి పొయ్యి పక్క గూట్లో పెట్టేది. ఆషాఢంలో ఆ గూడు చెమ్మగా ఉంటుంది, మండుటెండల్లో పెనంలా కాలుతుంది. ఒక కంపెనీ మందు అలవాటయ్యాక షాపులో ఇంకో కంపెనీది ఇస్తే, వద్దని చెప్పండి. దొరక్క తీసుకోవలసి వస్తే ఏ తారీఖున మారిందో రాసుకోండి.

జుట్టు మాత్రలు

దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఎందుకంటే ఈ సంగతి చాలామందికి తెలీదు. తెలీకపోతే లేని జబ్బుకు మందు మొదలవుతుంది.

పోయినేడాది ఆమదాలవలస నుంచి ముప్పై ఏళ్ల అమ్మాయి వచ్చింది. టీచరు ఉద్యోగం. టీఎస్‌హెచ్ 0.05, ఫ్రీ టీ-ఫోర్ చాలా ఎక్కువ. కాగితం చూస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్నట్టే ఉంది. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు నేను మణికట్టు పట్టుకుని చూశాను. నాడి నిమిషానికి 74. రెండు చేతులూ ముందుకు చాపమని వేళ్ల మీద కాగితం పెట్టాను, కాగితం కదల్లేదు. బరువు తగ్గలేదు, చెమటలు లేవు, నిద్ర బాగానే పడుతోంది. అంత ఎక్కువ థైరాయిడ్ ఉన్న మనిషి ఇలా నిలబడదు. "ఏం మాత్రలు వాడుతున్నావమ్మా?" అంటే ఏమీ లేవంది. "జుట్టుకి గానీ, గోళ్లకి గానీ?" అన్నాను. బ్యాగులోంచి ఒక స్ట్రిప్ తీసింది. బయోటిన్, 10 మిల్లీగ్రాములు. రోజుకొకటి, మూడు నెలలుగా. అది మందని తనకు తోచలేదు.

మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రలో ఉన్నది పదివేల మైక్రోగ్రాములు, అంటే మూడు వందల రెట్లకు పైనే. ఒంటికి అది హాని చెయ్యకపోవచ్చు గానీ, పరీక్షను పాడుచేస్తుంది. కొన్ని మిషన్లు హార్మోనును పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో బయటి బయోటిన్ నిండిపోతే అది వెళ్లి ఆ కొక్కేలను ఆక్రమించేస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ-ఫోర్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. అచ్చం గ్రేవ్స్ జబ్బు, అంటే థైరాయిడ్ విపరీతంగా పనిచేసే జబ్బు, రిపోర్టులా ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

డాక్టరు గారికి ఫోన్‌లో చెప్పాను, ఆపించి మళ్లీ చేద్దామన్నారు. మాత్ర ఆపిన వారం తర్వాత మళ్లీ తీశాం, టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. ఆ అమ్మాయి అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది. వారం రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా భయంతో గడిపిందట.

పెద్ద మోతాదు బయోటిన్ వాడేవాళ్లు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. నేనైతే మూడు రోజులని చెప్తాను. మల్టీవిటమిన్ అయినా సరే, స్ట్రిప్ వెనకాల చదవండి, చదవడం రాకపోతే స్ట్రిప్‌నే తీసుకురండి.

నంబరు ఎక్కువుంటే మందు మొదలుపెట్టాల్సిందేనా

ఫ్రీ టీ-ఫోర్ బాగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రమే కొంచెం ఎక్కువ, 6 గానీ 7 గానీ వస్తే, చాలామంది జీవితాంతం మాత్ర పడిపోయిందని కుంగిపోతారు. ముందు రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించాలి. చాలామందికి రెండోసారి మామూలుగానే వస్తుంది. 10 దాటి నిలకడగా ఉంటే సాధారణంగా మందు ఇస్తారు. మధ్యలో ఉంటే వయసు, గుండె, లక్షణాలు, గర్భం ఆలోచన, సొంత ఒళ్లే గ్రంథి మీద దాడి చేస్తోందా అని చెప్పే యాంటీ టీపీఓ పరీక్ష చూసి డాక్టరు నిర్ణయిస్తారు. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం మామూలే.

పెద్దవాళ్ల విషయంలో మీకు ధైర్యం ఇచ్చే పరిశోధన ఒకటుంది. 2017లో అచ్చైంది. స్కాట్లాండ్, ఐర్లాండ్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లలో అరవై అయిదేళ్లు దాటిన 737 మందిని తీసుకున్నారు. అందరికీ టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, సగటున 6.4. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర. ఏది ఎవరిదో వాళ్లకూ తెలీదు, చూసే డాక్టర్లకూ తెలీదు. ఏడాదికి, అసలు మాత్ర వేసుకున్నవాళ్ల టీఎస్‌హెచ్ 3.6కి దిగింది. కానీ నీరసంలో గానీ, మిగతా లక్షణాల్లో గానీ రెండు గుంపులకూ తేడా లేదు. కాగితం మీద నంబరు బాగుపడింది, మనిషికి మాత్రం ఏ మార్పూ లేదు. ఫోన్‌లో ఎవరైనా "పరిశోధనలో తేలింది" అని ఏదైనా పంపితే నేను ముందు చూసేది ఇదే: ఎంతమంది మీద చేశారు, వాళ్ల వయసెంత, చివర్లో కొలిచింది నంబరునా, మనిషి బాగోగులనా అని. ఆ పరిశోధన డెబ్బై ఏళ్ల మామ్మకు వర్తిస్తుంది, పెళ్లై పిల్లల కోసం చూస్తున్న ఇరవై అయిదేళ్ల అమ్మాయికి వర్తించదు.

నీరసం తగ్గకపోతే థైరాయిడ్ మాత్రే పెంచమని అడక్కండి. హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూపించుకోండి. మన జిల్లాలో ఆడవాళ్ల చేతుల్లోంచి రక్తం తీసినప్పుడు ట్యూబులో ఆ పలచని రంగు చూస్తే నాకే గుండె తరుక్కుపోతుంది. సగం నీరసం అక్కడే ఉంటుంది.

గర్భవతులు ఆగకూడదు

థైరాయిడ్ మాత్ర వాడుతున్న అమ్మాయికి నెల తప్పితే, వచ్చే నెల చెకప్ దాకా ఆగకూడదు. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు కావలసిన హార్మోను తల్లి నుంచే రావాలి. అందుకే అప్పుడు డోసు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరగాలి. చాలామంది డాక్టర్లు, గర్భం అని తెలిసిన రోజు నుంచే వారానికి ఏడు బదులు తొమ్మిది మాత్రలు వేసుకోమంటారు. మీ డాక్టరుని పెళ్లైన కొత్తలోనే అడిగి పెట్టుకోండి: "నాకు గర్భం వస్తే, మీ దగ్గరకు వచ్చేలోపు మాత్ర ఎలా వేసుకోవాలి?" ఆ జవాబు చీటీ మీద రాయించుకోండి. ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్ర మానొద్దు, రాత్రికి మార్చుకోండి, అంతే.

కాన్పయ్యాక బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి థైరాయిడ్ చూస్తారా అని ఆసుపత్రిలో అడగండి. పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డకు మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే బుద్ధి ఎదుగుదల దెబ్బతింటుంది. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలీదు, బిడ్డ బాగానే ఉంటుంది.

థైరాయిడ్ నిజంగా ఎక్కువై కార్బిమజోల్ వాడుతున్నవాళ్లకు ఒక్క మాట. జ్వరం గానీ, గొంతునొప్పి గానీ, నోట్లో పుండ్లు గానీ వస్తే, మందుల షాపులో జ్వరం మాత్ర కొనుక్కుని పడుకోవద్దు. కార్బిమజోల్ ఆపి, ఆ రోజే తెల్లకణాల పరీక్ష చేయించి డాక్టరుకి చూపించండి. అరుదుగా ఈ మందు తెల్లకణాలను పూర్తిగా పడగొట్టేస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. ఇది మర్నాటికి వాయిదా వేసే పని కాదు.

ఉప్పు

ఇది మన ఊరి గొప్ప కాబట్టి చెప్పకుండా ఉండలేను. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు. హిమాలయాల కింద కాంగ్రా లోయలో, అయోడిన్ చాలక థైరాయిడ్ గ్రంథి ఉబ్బే గొంతువాపు జబ్బు ఇంటింటా ఉండేది. 1956లో ఆయన బృందం ఆ లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి ఉత్తి ఉప్పు పంపింది. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న చోట్ల వాపు బాగా తగ్గింది. 1962లో దేశమంతటికీ గొంతువాపు నివారణ కార్యక్రమం వచ్చింది. ఈరోజు మీ ఇంట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ వెనక ఆయన పని ఉంది.

నౌపడ ఉప్పు మడుల నుంచి నేరుగా తెచ్చుకున్న కల్లుప్పులో అయోడిన్ కలిపి ఉండదు. ఆవకాయకు వాడుకోండి గానీ, రోజూ కూరలకు అయోడిన్ ఉప్పే వాడండి. మూత పెట్టి, పొయ్యికి దూరంగా ఉంచండి. మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భవతికి 250. థైరాయిడ్ ఉందని ఉప్పు ఎక్కువ తినడం, అయోడిన్ చుక్కలు కొనుక్కుని తాగడం వద్దు. ఇప్పుడు పెద్దవాళ్లలో వచ్చే థైరాయిడ్ తగ్గుదలలో ఎక్కువ భాగం సొంత ఒళ్లే గ్రంథి మీద దాడి చేయడం వల్ల వస్తోంది, దానికి అయోడిన్ మందు కాదు. క్యాబేజీ వండుకుని మామూలుగా తినొచ్చు.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

పది రూపాయల నోట్‌బుక్ చాలు. ప్రతి పరీక్షకు ఒక పేజీ. తారీఖు, రక్తం ఇచ్చిన టైము. మాత్ర పేరు, కంపెనీ, డోసు, ఆ డోసు ఎప్పటి నుంచి. పోయిన వారంలో ఎన్ని రోజులు మర్చిపోయారో నిజం రాయండి, ఎవరూ తిట్టరు. మాత్ర తర్వాత ఎంతసేపటికి టీ తాగుతున్నారు. ఇంకే మాత్రలు, ఏ టైముకి, బయోటిన్‌తో సహా. ఈమధ్య జ్వరం వచ్చిందా, నెల తప్పిందా. కింద మీకు ఎలా ఉందో రెండు ముక్కలు. ఆ కింద రిపోర్టు నంబరు. డాక్టరు ముందు పేజీ తెరిచి పెట్టండి. గదిలో ఉన్న మూడు నిమిషాల్లో నోటితో చెప్పేటప్పుడు సగం మర్చిపోతాం.

మా అమ్మకు చదవడం రాదు. ఆమెకు నేను సీసా మూత మీద సూర్యుడి బొమ్మ, కాల్షియం డబ్బా మీద చంద్రుడి బొమ్మ గీసి ఇచ్చాను. పక్కింటి కోడలు నెలకోసారి నోట్‌బుక్‌లో రాస్తుంది. డాక్టరు గారు డోసు 75కి తగ్గించారు. ఆరు వారాలకు 0.9, ఆ తర్వాత ఆరు నెలలకు 2.4. ఆ రెండో రిపోర్టు రోజు అమ్మ పేజీలో చివర ఇలా ఉంది: "దడ లేదు. రాత్రి పడుకుంటన్నాను. మోకాళ్లు అలగే ఉన్నాయి."